చెడిపోయిన డిస్కులో చెక్కుచెదరని రాత

1955లో కలకత్తా శివారు బరానగర్‌లోని భారత గణాంక సంస్థకు ఇంగ్లండు నుంచి ఓ యంత్రం వచ్చింది. పేరు హెచ్‌ఈసీ-2ఎం. మన దేశంలో అడుగుపెట్టిన తొలి డిజిటల్ కంప్యూటర్ అదే. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తున్న ఆ యంత్రం తన లెక్కలన్నీ గుర్తుపెట్టుకునేది గిర్రున తిరిగే ఒక అయస్కాంత డ్రమ్ము మీద. అందులో 1,024 సంఖ్యలు లేదా ఆదేశాలు పట్టేవి, అంతే.

ఆ డ్రమ్ము పుట్టుక చెప్పుకోదగ్గది. అయస్కాంత డ్రమ్మును 1932లోనే ఆస్ట్రియాలో గుస్టావ్ టౌషెక్ కనిపెట్టాడు. హెచ్‌ఈసీ నమూనాకు మూలపురుషుడైన లండన్ శాస్త్రవేత్త ఆండ్రూ బూత్ మాత్రం మొదట అయస్కాంతపు పూత పూసిన కాగితపు బిళ్లను తిప్పి చూశాడు. వేగం పెరిగేసరికి కాగితం కుదురుగా నిలవలేదు. దాన్ని వదిలేసి డ్రమ్ముకు మారాడు. బూత్ వదిలేసిన బిళ్ల ఆకారమే 1956లో ఐబీఎం వాళ్ల రామాక్ యంత్రంలో గెలిచింది. 24 అంగుళాల వ్యాసంతో 50 లోహపు పళ్లేలు, టన్ను బరువు, 50 లక్షల అక్షరాల నిల్వ. ఇవాళ జేబులో పట్టే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు దాని వంశంలోదే.

ఆ చిన్న డబ్బాలో జరిగేది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. దాని అంచు గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంటే, రాతను చదివే హెడ్ కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలుతుంటుంది. మన తలవెంట్రుక మందం దానికి కొన్ని వేల రెట్లు. డిస్కు తిరుగుతుండగా చేయి జారితే ఆ హెడ్ పళ్లేన్ని గీరేస్తుంది. అలా పూత లేచిపోయిన చోట ఉన్న రాత ఇక తిరిగి రాదు.

అయితే పాడైందని మనం అనుకునే డిస్కుల్లో చాలావాటికి అంత ప్రమాదం జరగదు. కాపీ అవుతుండగా కేబుల్ లాగేశామనో, కరెంటు పోయిందనో పాడయ్యేది సూచిక మాత్రమే, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసిపెట్టుకున్న పట్టిక. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు కదా! కానీ ఈలోగా ఇంకొకరు వచ్చి అందులో నాట్లు వేస్తే పాత పైరు దక్కదు. డిస్కును ‘ఫార్మాట్ చేయాలి’ అని తెరమీద వచ్చినప్పుడు సరే అని నొక్కకూడదనేది అందుకే. మరమ్మతు చేస్తామనే ప్రోగ్రాములను కూడా అసలు డిస్కు మీద నడపకూడదు. అవి చదవడంతో ఆగవు, రాస్తాయి కూడా.

పని తెలిసినవాళ్లు ముందు డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు మరో డిస్కులోకి దించుకుంటారు. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం సులువుగా వచ్చే భాగాలను ముందు లాగేసి, మొరాయించే చోట్లను చివరికి వాయిదా వేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్లో రాసుకుంటుంది. ఆ నకలు మీదే వెతుకులాట. పట్టిక పూర్తిగా పోయినా ఫైళ్లను గుర్తుపట్టే దారి ఉంది. జేపెగ్ ఫొటో ఏదైనా ‘ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్’ అనే మూడు బైట్లతో మొదలవుతుంది. ఫొటోరెక్ లాంటి ప్రోగ్రాములు ఇలాంటి గుర్తులను పట్టుకుని డిస్కంతా జల్లెడ పడతాయి. ఫైళ్ల పేర్లు పోతాయి. అయినా దుర్గాపూజ ఫొటో దొరికాక పేరు లేకపోతేనేం?

లోపల టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంటే సంగతి వేరు. హెడ్ తన దారి తెలియక కొట్టుకుంటోందన్నమాట. అక్కడ సాఫ్ట్‌వేర్ పనికిరాదు. దుమ్ములేని గదిలో డిస్కు విప్పి, అదే మోడల్ డిస్కు నుంచి హెడ్ తెచ్చి అమర్చాలి. సర్క్యూట్ బోర్డు మార్చితే చాలనుకోవడమూ పొరపాటే. ప్రతి డిస్కుకూ దానికే చెందిన సర్దుబాట్ల వివరాలుంటాయి. ఆధునిక డిస్కుల్లో చాలావాటికి అవి బోర్డు మీది చిన్న చిప్పులోనే ఉంటాయి. కోల్‌కతా చాందనీ చౌక్ లాంటి ఎలక్ట్రానిక్స్ బజారులో విడిభాగాలు కొనుక్కొచ్చి ఇంట్లో ప్రయోగాలు చేసేవాళ్లు దీన్ని గమనించాలి.

ఆ ఊరికి వానల బెడదా ఉంది. 2020 మే 20న ఆంఫన్ తుఫాను వచ్చినప్పుడు కాలేజ్ స్ట్రీట్ పుస్తకాలు నీళ్లలో తేలాయి. మామూలు హార్డ్ డిస్కుకు గాలి పీల్చుకునే సన్నని రంధ్రం ఉంటుంది, వరదనీరు అందులోంచి లోపలికి పోగలదు. తడిసినదాన్ని ఎండలో పెడితే మురికి పళ్లేనికి అంటుకుపోతుంది. తడి ఆరకుండా కవర్లో మూసి నిపుణులకు ఇవ్వడమే మేలు.

ఆశ వదులుకున్నవాళ్లకు నేను చెప్పేది కొలంబియా కథ. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న ఆ వ్యోమనౌక శిథిలాల్లో, కాలి కరిగిన ఒక హార్డ్ డిస్కు దొరికింది. పైన ప్లాస్టిక్కు, చిప్పులు మాడిపోయినా పళ్లేలు వంగలేదు. వాటిని శుభ్రం చేసి కొత్త డిస్కులో అమర్చితే 99 శాతం సమాచారం బయటికొచ్చింది. అందులో ఉన్నది క్సెనాన్ వాయువు మీద అంతరిక్షంలో చేసిన ప్రయోగం, దాని ఫలితాలు 2008లో అచ్చయ్యాయి.

కాబట్టి మీ డిస్కు మొరాయిస్తే వెంటనే కేబుల్ తీసేయండి, మళ్లీ మళ్లీ పెట్టి చూడకండి. ఇంకా మొరాయించకపోతే, ఈ వారంలోనే రెండో కాపీ తీసి వేరే ఇంట్లో దాచండి.