సెప్సిస్ రోగికి వేసే మార్కులు

జ్వరముతో ఇద్దరు రోగులు ఒకేసారి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చారనుకొందాము. ఇద్దరికీ ఉష్ణోగ్రత 102 డిగ్రీలే. ఒకరు రెండు రోజులలో కోలుకొని ఇంటికి పోవచ్చును. రెండవవారికి ఆ రాత్రికే ప్రాణము మీదికి రావచ్చును. డాక్టరు ఎవరిని ముందు చూడవలెను?

సూక్ష్మజీవులు శరీరములో ప్రవేశించినపుడు మన రక్షణశక్తి వాటిని ఎదుర్కొంటుంది. ఒక్కొక్కప్పుడు ఈ పోరాటము అదుపు తప్పి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మెదడు వంటి సొంత అవయవాలకే హాని చేస్తుంది. దీనినే సెప్సిస్ అంటారు. 2017లో ప్రపంచము మొత్తము మీద సెప్సిస్ సంబంధమైన మరణాలు సుమారు 1 కోటి 10 లక్షలని అంచనా.

2016లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందము 'క్విక్ సోఫా' అనే చిన్న లెక్కను ప్రకటించింది. గడియారము, రక్తపు పోటు కొలిచే పరికరము ఉంటే చాలు. శ్వాస నిమిషానికి 22 సార్లు గాని, అంతకు మించి గాని ఉన్నదా? పై రక్తపు పోటు 100 గాని, అంతకు తక్కువ గాని ఉన్నదా? పలుకరిస్తే పొంతన లేని జవాబులు చెప్పటం వంటి తేడా స్పృహలో కనిపిస్తున్నదా? ఒక్కొక్క 'అవును'కు ఒక మార్కు. రెండు వస్తే ప్రమాదము ఎక్కువని భావిస్తారు.

జ్వరానికి ఇందులో మార్కు లేకపోవటం వింతగా తోచవచ్చును. కాని జ్వరము పోరాటము జరుగుతున్నదని మాత్రమే చెపుతుంది. అవయవాలు దెబ్బతిన్నవని చెప్పదు. శ్వాస అట్లా కాదు. కణాలకు ఆక్సిజన్ చాలనపుడు అవి గ్లూకోజును పూర్తిగా దహించలేక లాక్టిక్ ఆమ్లముగా మార్చుతాయి. రక్తములో ఆమ్లత్వము పెరుగుతుంది. దానిని తగ్గించటానికి శరీరము కార్బన్ డయాక్సైడును వేగముగా బయటికి పంపుతుంది. రోగి ఆయాసపడటానికి ఇది ఒక కారణము. (లెక్కిస్తున్నామని రోగికి చెప్పరాదు. మా తరగతిలో ఎవరి శ్వాసను వారే లెక్కించుకొనమంటే, మొదలుపెట్టగానే అది మారిపోతుంది!)

అయితే ఈ మార్కులు జాతకము కావు. రెండు మార్కులు వచ్చినవారిలో మరణాలు ఎక్కువ అన్నది ఒక గుంపును గురించిన మాట. వారిలోనూ చాలామంది బ్రతుకుతారు. అంతకంటె ప్రమాదము, తక్కువ మార్కును చూచి ధైర్యపడటం. సెప్సిస్ ఆరంభములో సున్న కూడా రావచ్చును. అందుకే 2021లో వెలువడిన అంతర్జాతీయ చికిత్సా సూత్రాలు, సెప్సిస్‌ను కనిపెట్టటానికి ఈ లెక్క ఒక్కదానినే నమ్ముకొనరాదని సలహా ఇచ్చాయి. బ్రిటన్‌లో వాడే 'న్యూస్' పట్టికలో నాడి, ఉష్ణోగ్రత, రక్తములోని ఆక్సిజన్ కూడా చేరుతాయి.

మన ఇద్దరు రోగులకూ మొదటి లెక్కలో ఒక్కొక్క మార్కే వస్తే డాక్టరు రక్తములో లాక్టేట్ కూడా కొలిపిస్తారు. కొంతసేపటికి అన్నిటినీ మరల చూస్తారు. చికిత్స మొదలయిన కొన్ని గంటలకు ఎక్కువగా ఉన్న లాక్టేట్ తగ్గితే అది మంచి సూచన. తగ్గక నిలిచిపోతే ఆ రోగిని ఇంటెన్సివ్ కేర్ విభాగానికి మార్చే ఆలోచన చేస్తారు.