పెన్‌డ్రైవు పోయినను పోని గుర్తు

విద్యార్థులారా! నేసిన బట్టను మగ్గమునుండి కోయుటకు ముందు నేతగాడు ఎంత జాగరూకుడై యుండునో మీలో అనేకులు ఇంటనే చూచియుందురు. తొందరపడి కత్తెర పెట్టినచో పడుగు చెదరును. చెదరిన పోగులను తిరిగి అతుకుట ఎంత శ్రమయో మీ తండ్రులనడిగిన చెప్పుదురు. అట్టి ఇండ్లలో పుట్టిన మీరే పాఠశాలలో గంట మ్రోగగానే కంప్యూటరునుండి పెన్‌డ్రైవును చటుక్కున లాగివేయుచున్నారు. అందువలన కలుగు చిక్కును, దానిని తీర్చుకొను విధమును ఇచట వివరింతుము. మేము తెలుగు పండితులమేగాని యంత్రశాస్త్రజ్ఞులము కాము. వరంగల్లులో శిక్షణ పొందిన కాలమున కంప్యూటరును దూరమునుండి చూచుటయే గాని ముట్టి యెరుగము. అయినను ఒక సంఘటన మాచేత ఈ విద్యను నేర్పించినది.

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలిక యొకతె బీడీలు చుట్టుకొను తన అవ్వ యొద్ద కూర్చుండి, మగ్గపు పనికి చెందిన పాత తెలుగు మాటలను సేకరించెను. ప్రతి దినమునకు ఒక ఫైలు చొప్పున తన పెన్‌డ్రైవులో భద్రపరచెను. ఒకనాడు మధ్యాహ్నపు గంట మ్రోగగా, ఫైలు తెరచియుండగనే పెన్‌డ్రైవును లాగి వెడలిపోయెను. దాని గుర్తు మాత్రము తెరమీద నిలిచియుండెను. భోజనానంతరము వచ్చి మరల తగిలింపగా గుర్తులు రెండయ్యెను. రెండవదాని పేరు చివర ఒకటి అంకె చేరియుండెను. బాలిక మొదటి గుర్తును తెరచెను. అందు ఫైళ్లు కానరాలేదు. అంతయు పోయినదని కన్నీరు పెట్టుకొనెను.

ఇట్లేల జరిగెను? మన బడిలోని కంప్యూటర్లు లినక్సుతో నడచుచున్నవి. ఫిన్లాండు దేశీయుడగు లీనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనికి మూలమును రచించెను. లినక్సులో డిస్కులన్నియు ఒకే వృక్షమునకు కొమ్మలవలె అతుకబడును. పెన్‌డ్రైవును తగిలింపగనే యంత్రము దానిని గుర్తించి, మీడియా అను ఫోల్డరులో దాని పేర ఒక చిన్న ఫోల్డరును కల్పించి, అచట అతుకును. ఈ అతుకునే మౌంటు అందురు. తెరమీది గుర్తు పెన్‌డ్రైవుకు గుర్తు కాదు, ఈ అతుకునకు గుర్తు. వస్తువు పోయినను అతుకు ఊడనిచో గుర్తు నిలుచును. ఆ పేరిట స్థానము ఖాళీగా లేనందున, మరల వచ్చిన పెన్‌డ్రైవునకు యంత్రము ఒకటి చేర్చిన క్రొత్త పేరు నిచ్చును. బాలిక తెరచినది పాత అతుకు. ఆమె ఫైళ్లు రెండవ గుర్తులో నుండెను.

మరియొక విషయము ఇంతకంటె ముఖ్యమైనది. మనము భద్రపరచితిమని తలచిన వ్రాత వెంటనే పెన్‌డ్రైవును చేరదు. యంత్రము దానిని కొంతసేపు తన జ్ఞాపకశక్తిలో నుంచుకొని, పిదప వ్రాయును. గుర్తుపై కుడి మీట నొక్కి తొలగించుమని ఆజ్ఞాపించినచో, మిగిలినదంతయు వ్రాసి, అతుకు విప్పి, తీయవచ్చునని తెలుపును. ఇదియే మన కత్తెరకు ముందరి జాగ్రత్త.

ఇక నిలిచిపోయిన గుర్తును తొలగించు క్రమము:

మొదటిది: గుర్తులోని దేనిని చెరిపివేయరాదు. తెరచిన ఫైళ్లను, కిటికీలను మూసి, గుర్తుపై కుడి మీట నొక్కి తొలగింపుడు. చాలమారు ఇంతటితో చిక్కు తీరును.

రెండవది: తీరనిచో టెర్మినలు తెరచి ఎల్, ఎస్, బి, ఎల్, కె అను ఐదక్షరములను కొట్టుడు. యంత్రమునకు నిజముగా తగిలియున్న డిస్కుల పట్టిక వచ్చును. పిమ్మట ఎఫ్, ఐ, ఎన్, డి, ఎమ్, ఎన్, టి అని కొట్టిన అతుకుల పట్టిక వచ్చును. మొదటి పట్టికలో లేని పెన్‌డ్రైవు రెండవదానిలో నున్నచో, అది ఊడని పాత అతుకని తెలియవలెను.

మూడవది: యు, ఎమ్, ఓ, యు, ఎన్, టి అను ఆజ్ఞతో ఆ అతుకును విప్పవలెను. మొదటి యు తరువాత ఎన్ లేదని గమనింపుడు. మేము పలుమారులు పొరబడితిమి. ఇది అధికారపు ఆజ్ఞ కనుక ఉపాధ్యాయుని యెదుటనే చేయుడు. పని జరుగుచున్నదని యంత్రము నిరాకరించినచో, ఏదియో ఒక ప్రోగ్రాము ఆ ఫోల్డరును పట్టుకొనియున్నదన్నమాట. దానిని వెదకి మూయవలెను.

నాల్గవది: అతుకు ఊడియు ఖాళీ ఫోల్డరు మిగిలినచో, ఆర్, ఎమ్, డి, ఐ, ఆర్ అను ఆజ్ఞతోనే తీయుడు. లోపల ఏమైన నున్నచో ఈ ఆజ్ఞ పనిచేయదు. అదియే దాని సుగుణము. లోపలి వస్తువులతో సహా చెరపు ఆజ్ఞను ఇచట ఎన్నడును వాడరాదు. అతుకు ఇంకను ఊడకయే యున్నచో మీ ఫైళ్లన్నియు క్షణములో నశించును.

ఏమియు తోచనిచో కంప్యూటరును క్రమముగా ఆర్పి మరల వెలిగించిన పాత అతుకు పోవును. తొందరలో మీట నొక్కి ఆర్పుట మాత్రము తగదు.

బాలిక కథ ముగింపవలసియున్నది. రెండవ గుర్తులో ఆమె ఫైళ్లన్నియు దొరికెను, ఒక్కటి తప్ప. ఆనాటి ఫైలు పేరు మాత్రము మిగిలెను. లోపల ఒక్క అక్షరమైన లేదు. ఆమె మరల అవ్వ యొద్దకేగి యడిగెను. అవ్వ విసుగుకొనక తిరిగి చెప్పినది గాని, మొదట చెప్పిన మాటలలో కొన్ని ఆమెకు జ్ఞప్తికి రాలేదు. మన పేటలలో వీధి మాట మరాఠీ, బజారు మాట హిందీ. నేతపని తెలుగు మాటలు పెద్దల నోటనే మిగిలియున్నవి. అందరు అవ్వలను రెండవమారు అడుగుటకు వీలుండదు. కావున గంట మ్రోగినను ఒక నిమిషము నిలిచి, అతుకు విప్పి, పిమ్మటనే పెన్‌డ్రైవును తీయుడు. ముఖ్యమైన వ్రాతకు మరియొక ప్రతిని వేరొకచోట నుంచుడు.