గడ్డ పోయింది... నొప్పి మిగిలింది!

డాక్టర్లు చెప్పింది శుభవార్తే. ఊపిరితిత్తిలో గడ్డ ఉన్న భాగాన్ని పూర్తిగా తీసేశారు. అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు వచ్చింది. ఇంటికొచ్చి మూడు నెలలైంది. పలకరించడానికి వచ్చిన చుట్టాలంతా 'గండం గడిచింది, ఇంక దిగుల్లేదు' అని చెప్పి వెళ్లారు. కుట్లు మానాయి. అన్నం సయిస్తోంది. కానీ...

పొద్దున్నే బనీను వేసుకుంటే రొమ్ము కింద చర్మం ఒరుసుకుపోయినట్టు మంట. తుమ్మొస్తే పక్కటెముకల్లో పోటు. రాత్రి ఆ వైపు తిరిగి పడుకుంటే ఛాతీని ఎవరో బిగించి కట్టేసినట్టు ఉంటుంది. ఇల్లాలికి చెబితే భయపడుతుంది. పిల్లలకు చెబితే మళ్లీ స్కానింగులంటారు. అందుకే ఆ ఇంటి పెద్దాయన నోరు విప్పరు. 'మళ్లీ వచ్చిందేమో' అన్న అనుమానంతో ఒక్కరే మేలుకుని ఉంటారు.

ఊపిరితిత్తి క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగిన ఎన్నో ఇళ్లలో కనిపించే దృశ్యమే ఇది. ఆ అనుమానం చాలాసార్లు నిజం కాదు. ఆ మౌనం మాత్రం నిజంగానే చేటు చేస్తుంది.

దెబ్బ తగిలింది దారిలో

ఊపిరితిత్తి లోపలి కణజాలానికి కోత నొప్పి పెద్దగా తెలియదు. నొప్పంతా దాన్ని చేరుకునే దారిలోనే ఉంటుంది. చర్మం, కండరం, పక్కటెముకలు, ఛాతీ గోడ లోపలి పొర... వీటన్నిటినీ దాటితే గానీ సర్జన్ చెయ్యి లోపలికి వెళ్లదు. ప్రతి పక్కటెముక కింది అంచున ఒక సన్నని గాడి ఉంటుంది. రక్తనాళాలతో పాటు ఒక నరం ఆ గాడిలోనే సాగుతుంది. ఆపరేషన్‌లో ఎముకలను ఎడంగా జరిపినప్పుడు ఆ నరం నలుగుతుంది, సాగుతుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా.

ఈ నరం వెన్నెముక దగ్గర బయల్దేరి పక్కనుంచి చుట్టుకుని రొమ్ము వైపు వస్తుంది. అందుకే కోత పక్కన ఉన్నా మంట ముందు పుడుతుంది. మీటరు దగ్గర వైరు దెబ్బతింటే హాల్లో లైటు మిణుకుమన్నట్టు! కొందరికి రొమ్ము కింద, పొట్ట పైభాగంలో మొద్దుబారినట్టు ఉంటుంది. ఇంకొందరికి చీమలు పాకినట్టు, కరెంటు షాకు కొట్టినట్టు అనిపిస్తుంది. తువ్వాలు తగిలినా భరించలేరు.

కోత వెంబడి నొప్పి రెండు నెలలు దాటినా తగ్గకపోతే వైద్యులు దాన్ని 'పోస్ట్ థొరకాటమీ పెయిన్ సిండ్రోమ్' అంటారు. ఛాతీ తెరిచి ఆపరేషన్ చేసినవాళ్లలో దాదాపు సగం మందికి నెలల తరబడి ఏదో ఒక స్థాయిలో ఈ బాధ ఉంటుంది. ఎక్కువమందిలో అది ఓర్చుకోగలిగేదే. కొద్దిమందిని మాత్రం నిద్ర పోనివ్వదు. దెబ్బతిన్న నరం కోలుకునే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. అంటే ఒక అడుగు దూరం పూడాలంటే పది నెలలు!

తొంభై ఏళ్ల నాటి సమస్య

ఊపిరితిత్తి క్యాన్సర్‌ను కోసి తీసేయొచ్చని ప్రపంచానికి నమ్మకం కలిగింది 1933 ఏప్రిల్ 5న. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డాక్టర్ ఎవార్ట్స్ గ్రాహం, జేమ్స్ గిల్మోర్ అనే రోగికి ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేశారు. మిగిలిన ఖాళీ పూడటానికి కొన్ని పక్కటెముకలు కూడా తొలగించారు. గిల్మోర్ కూడా డాక్టరే. ఆ తర్వాత మరో 30 ఏళ్లు బతికారు. విధి విచిత్రం ఏమిటంటే, ఆయన్ను బతికించిన గ్రాహం అంతకుముందే, 1957లో ఊపిరితిత్తి క్యాన్సర్‌తోనే కన్నుమూశారు.

ప్రాణం నిలిపే మార్గం దొరికింది గానీ పక్కటెముకల నొప్పి వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి ఛాతీ ఆపరేషన్ చేయించుకున్న సైనికుల్లో ఈ నొప్పిని 1944లోనే వైద్యులు గుర్తించి రాశారు. 1990ల్లో చిన్న రంధ్రాల ద్వారా కెమెరా పంపి చేసే ఆపరేషన్లు మొదలయ్యాక బాధ కొంత తగ్గింది. డెన్మార్క్‌లో సుమారు 200 మందిని ఏడాది పాటు గమనించిన అధ్యయనం 2016లో ఈ తేడాను చూపించింది. అయితే కెమెరా పరికరాలు వెళ్లేది కూడా పక్కటెముకల మధ్య నుంచే. కాబట్టి రంధ్రాలతో చేసినా కొందరికి నొప్పి తప్పదు.

ఓర్చుకుంటే ఏమవుతుంది?

'ఇంత పెద్ద ఆపరేషన్ అయ్యాక ఆమాత్రం నొప్పి ఉండదా, ఓర్చుకోవాలి' అంటారు పెద్దలు. ఓర్చుకునే మనిషి నిండుగా గాలి పీల్చడు. దగ్గు ఆపుకుంటాడు. కఫం లోపలే నిలిచిపోతే న్యుమోనియా రావచ్చు. నొప్పి పుడుతుందని చెయ్యి కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది. ఆ తర్వాత జడ వేసుకోవడానికి, పై అరలో డబ్బా అందుకోవడానికి కూడా చెయ్యి లేవదు. అంటే నొప్పికి వైద్యం చేయించుకోవడం సుఖం కోసమే కాదు, కోలుకోవడానికి కూడా.

మామూలు నొప్పి మాత్రలు నరాల నొప్పి మీద అంతగా పనిచేయవు. అందుకే డాక్టర్లు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఎమిట్రిప్టిలిన్ వంటివి రాస్తారు. వీటిలో కొన్ని మూర్ఛకు, మరికొన్ని మానసిక కుంగుబాటుకు వాడేవని తెలిసి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. అక్కర్లేదు. అదుపు తప్పిన నరాన్ని శాంతింపజేసే గుణం వాటికి ఉంది. మొదట్లో మగతగా, తల తిరిగినట్టు ఉండొచ్చు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. డాక్టర్‌ను అడక్కుండా హఠాత్తుగా ఆపేయకూడదు. తగ్గకపోతే మొద్దుబార్చే మందు పట్టీలు, నరం దగ్గర ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. పెద్ద ఆస్పత్రుల్లో ఇందుకోసం పెయిన్ క్లినిక్‌లుంటాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలోనూ నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉంది.

ఇంట్లో చేయదగ్గవి

* దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు దిండును కోత మీద గట్టిగా అదిమి పట్టుకోవాలి. కారులో సీటు బెల్టు కింద చిన్న దిండు పెట్టుకున్నా హాయిగా ఉంటుంది.

* ఆస్పత్రిలో ఇచ్చిన మూడు బంతుల పరికరాన్ని అటక మీద పెట్టేయకుండా, డాక్టర్ చెప్పినన్నాళ్లు ఊదడం కాకుండా 'పీల్చాలి'.

* గోడకెదురుగా నిలబడి వేళ్లను మెల్లగా పైకి పాకించాలి. రోజూ కొంచెం దూరం పెంచుతూ నడవాలి.

* నీళ్ల బకెట్లు, గ్యాస్ సిలిండర్లు డాక్టర్ సరేననేదాకా ఎత్తకూడదు. మెత్తటి, వదులైన నూలు బట్టలు మేలు.

* మొద్దుబారిన చోట వేడి తెలియదు. వేడినీళ్ల సంచితో, ఉప్పు మూటతో కాపడం పెడితే చర్మం కాలి బొబ్బలెక్కినా గుర్తించలేరు. జాగ్రత్త!

ఇవి కనిపిస్తే ఆగొద్దు

ఉన్నట్టుండి ఆయాసం రావడం, ఛాతీ బిగిసి చెమటలు పట్టడం, నొప్పి చేతికో దవడకో పాకడం, దగ్గులో రక్తం పడటం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం... వీటికి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం వచ్చినా, గాయం దగ్గర చీము, ఎరుపు, వాపు కనిపించినా ఆలస్యం చేయకూడదు.

తగ్గిన నొప్పి మళ్లీ మొదలైనా, రోజురోజుకూ పెరుగుతున్నా, కొత్తచోట ఎముకల్లో నొప్పి పుట్టినా, బరువు తగ్గుతున్నా, గొంతు బొంగురుపోయినా తర్వాతి చెకప్ దాకా ఆగకుండా డాక్టర్‌కు చెప్పాలి. మొదటి రెండు మూడేళ్లు సాధారణంగా ఆరు నెలలకోసారి తీసే సీటీ స్కాన్‌ను 'బాగానే ఉన్నాంగా' అని మానేయకూడదు.

డాక్టర్ దగ్గర 'నొప్పిగా ఉంది' అని ఊరుకుంటే సరిపోదు. ఎక్కడ, ఎప్పుడు, మంటా పోటా, పదికి ఎన్ని మార్కులు, నిద్ర పడుతోందా లేదా అన్నది ఓ చిన్న నోటుపుస్తకంలో వారం రోజులు రాసుకుని చూపిస్తే ఆయన పని సులువవుతుంది. ఆ పుస్తకం రాయడానికి ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుంటే పెద్దాయన మౌనం కూడా వీడుతుంది. అర్ధరాత్రి ఆయన ఒక్కరే మోస్తున్న భయంలో సగం బరువు అక్కడే దిగిపోతుంది!