వీధిలోని వీడియో లైబ్రరీ

విద్యార్థులారా! లైబ్రరీ యనిన వెంటనే మీకు పుస్తకములు జ్ఞప్తికి వచ్చును. మా బాల్యమున ఈ పట్టణపు వీధులలో మరియొక విధమైన లైబ్రరీ యుండెడిది. అందు పుస్తకములు లేవు. గోడల పొడవున చెక్క అరలును, ఆ అరలలో నల్లని పెట్టెలును, పెట్టెలపై సినిమా పేర్లు వ్రాసిన చీట్లును ఉండెడివి. దానిని జనులు వీడియో లైబ్రరీ యని పిలిచెడివారు.

క్రిందటి సంవత్సరము మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన యింటి అటకపై దొరకిన అట్టి నల్లని పెట్టె నొకదానిని బడికి తెచ్చి, "మాస్టారూ, ఇది యేమండీ?" యని యడిగెను. తరగతిలో నొక్కరును చెప్పలేకపోయిరి. మేము దానిని చేతిలోనికి తీసికొని చూడగా, వెనుకవైపున మా వీధి లైబ్రరీ ముద్ర యింకను చెరగకయుండెను. ఆ బాలుని ప్రశ్నకు ఆనాడు గంట మ్రోగులోపల పూర్తిగా సమాధానము చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్పుచున్నాము.

ఆ పెట్టె పేరు వీడియో క్యాసెట్టు. అందు అర అంగుళము వెడల్పు గల పలుచని టేపు రెండు చక్రములకు చుట్టబడి యుండును. టేపుపై పూసిన సన్నని పూతయందు బొమ్మయు ధ్వనియు అయస్కాంతపు గుర్తులుగా నిలిచియుండును. మన దేశమున వాడుకలో నుండిన మూడు గంటల క్యాసెట్టులో టేపు పొడవు సుమారు 258 మీటర్లు. బొమ్మకు ధ్వనికంటె చాల యెక్కువ వివరము కావలెను. పాటల టేపువలె తిన్నగా లాగి చదువుటకు ప్రయత్నించినచో గంటసేపటి బొమ్మకే కిలోమీటర్ల కొలది టేపు కావలసివచ్చును. కాబట్టి ఈ యంత్రమును నిర్మించినవారు ఒక యుపాయము పన్నిరి. టేపును సెకనుకు రెండున్నర సెంటీమీటర్లకు లోపుగా మెల్లగా నడిపించి, బొమ్మను చదివెడి హెడ్లను ఒక చిన్న డోలువంటి దానికి తగిలించి, ఆ డోలును నిమిషమునకు 1,500 మార్లు త్రిప్పిరి. టేపు ఆ డోలును ఏటవాలుగా చుట్టుకొని పోవుటచేత హెడ్లు దానిపై వాలుగీతలు గీచినట్లు సాగును. ఒక్కొక్క గీతయందు అర బొమ్మ. సెకనుకు 50 గీతలు, 25 బొమ్మలు. హెడ్డుపై మురికి చేరినచో తెరమీద మంచు కురిసినట్లు కనబడుచుండెను.

ఈ యంత్రము గృహములకు జపాను దేశమునుండి వచ్చినది. 1975లో సోనీ కంపెనీవారు బీటామాక్స్ అను పద్ధతిని వెలువరించిరి. మొదటి క్యాసెట్టులో ఒక గంట మాత్రమే పట్టెడిది. 1976లో జె.వి.సి. కంపెనీవారు వి.హెచ్.ఎస్. అను పద్ధతిని తెచ్చిరి. అందు రెండు గంటలు పట్టెను. సినిమా యంతయు ఒకే క్యాసెట్టులో ఇముడుట జనులకు మిక్కిలి సౌకర్యమగుటచేతను, ఇతర కంపెనీలు కూడ రెండవ పద్ధతినే చేపట్టుటచేతను, కొన్ని సంవత్సరములలో వి.హెచ్.ఎస్. గెలిచెను.

క్యాసెట్లు అద్దెకిచ్చు వర్తకము అమెరికాలో ఊపందుకొనెను. 1977లో మిషిగన్ రాష్ట్రమునకు చెందిన ఆండ్రీ బ్లే యను నాతడు ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్ కంపెనీనుండి 50 సినిమాలకు అనుమతి పొంది, వానిని క్యాసెట్లపై విక్రయింప నారంభించెను. ఒక్కొక్కటి సుమారు 50 డాలర్లు. అంత సొమ్మిచ్చి ఒక సినిమాను కొనువారెందరు? లాస్ ఏంజెలిస్ నగరమున జార్జి అట్కిన్సన్ అను వర్తకుడు దీనిని గ్రహించి, విల్షైర్ బులవార్డుపై చిన్న దుకాణము తెరచి, ఆ క్యాసెట్లనే దినమునకు 10 డాలర్ల చొప్పున అద్దెకిచ్చెను. సినిమా కంపెనీలకు ఇది యిష్టము కాలేదు. అయినను, న్యాయముగా కొనిన ప్రతిని కొనినవాడు ఇతరులకు అద్దెకిచ్చుకొనవచ్చునని ఆ దేశపు చట్టము చెప్పుచుండెను. పుస్తకమును కొనినవాడు దానిని పొరుగువానికి ఎరువిచ్చినట్లే యిదియును. తరువాత 1985లో డాలస్ నగరమున బ్లాక్‌బస్టర్ అను దుకాణము వెలసి, క్రమముగా వేల శాఖలుగా విస్తరించెను.

మన దేశమునకు వత్తము. 1982లో ఢిల్లీ నగరమున ఆసియా క్రీడలు జరిగిన కాలముననే దూరదర్శనము రంగుల ప్రసారములను ఆరంభించెను. ఇంచుమించుగా ఆ దినములలోనే గల్ఫు దేశములకు కూలికై పోయిన మన తెలుగువారు సెలవులకు వచ్చుచు వీడియో యంత్రములను వెంట తెచ్చుచుండిరి. దూరదర్శనములో వారమునకు ఒకటి రెండు సినిమాలకంటె రానికాలమది. కాబట్టి ఊరూర వీడియో లైబ్రరీలు పుట్టెను. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు సహితము అచ్చటి మనవారి కిరాణా దుకాణములలో పప్పులతోను, పచ్చళ్లతోను తెలుగు సినిమా క్యాసెట్లను అద్దెకు తెచ్చుకొనుచుండిరి.

మా వీధి లైబ్రరీ మంగలి దుకాణమునకును, సైకిళ్లు బాగుచేయు దుకాణమునకును నడుమ నుండెను. యంత్రము కొనగల వారు వీధికి ఇద్దరో ముగ్గురో గనుక, లైబ్రరీవారు యంత్రమును, టెలివిజనును కూడ రాత్రికి అద్దెకిచ్చుచుండిరి. పండుగకో పెండ్లికో వానిని దుప్పటిలో చుట్టి రిక్షాలో తెచ్చిన నాడు వీధి యంతయు మా వాకిట చాపలు పరచుకొని కూర్చుండెడిది. అద్దె దండుగ కాకుండుటకై తెల్లవారులోగా మూడు సినిమాలు చూడవలెను. మూడవ సినిమా మధ్యకు వచ్చుసరికి పెద్దలందరు నిద్రపోవుదురు. మేము మాత్రము కన్నులు నులుముకొనుచు చివరవరకు చూచెడివారము.

దుకాణదారును మేము మామయ్యగారని పిలిచెడివారము. ఆయన యొద్ద పొడవైన ఖాతా పుస్తక ముండెను. పేరు, క్యాసెట్టు అంకె, తేది, అంతే. క్యాసెట్టుపై "చూచిన పిమ్మట వెనుకకు త్రిప్పి యిండు" అని చీటి యంటించి యుండెడిది. చివరవరకు నడచిన టేపును మొదటికి త్రిప్పి యిచ్చుట మర్యాద. త్రిప్పకున్నచో తరువాత తీసికొనిపోవువారు ఆ పని చేసికొనవలెను.

ఈ దుకాణము మాకు నేర్పిన పాఠ మొకటి చెప్పవలెను. ఒకనాడు మేమును మా అన్నయు ఇంట నెవరును లేని సమయమున ఒక క్యాసెట్టు పెట్టగా, టేపు యంత్రములో చిక్కుకొని నలిగిపోయెను. చిక్కు విడదీసి, నలిగిన టేపును వ్రేలితో లోనికి చుట్టి, పెట్టె మూసివేసితిమి. "ఏమియు అనకుండ ఇచ్చివేయుదము. ఎవరి యింట నలిగినదో ఆయన కెట్లు తెలియును?" అని అన్న యనెను. మేమును ఒప్పుకొంటిమి. దుకాణమునకు పోయి బల్లమీద పెట్టునప్పటికి, మా యెదురింటి అవ్వ మనుమలకొరకు అదే సినిమా కావలెనని అడుగుచు నిలుచుండెను. ఆమె యింటి యంత్రము ఆమె కుమారుడు ఎండలో కూలిచేసి మస్కట్టునుండి తెచ్చినది. మాకు నోట మాట రాలేదు. అన్న మా చేయి పట్టి లాగెను గాని, మేము ఏడ్పు ముఖముతో జరిగినది చెప్పివేసితిమి.

మామయ్యగారు కోపపడుదురనుకొంటిమి. ఆయన మౌనముగా చిన్న స్క్రూడ్రైవరు తీసి, పెట్టెకున్న అయిదు మరలను విప్పి, నలిగిన భాగమును బ్లేడుతో కోసి, రెండు కొనలను వెనుకవైపున సన్నని అంటుపట్టీతో అతికించెను. అటుపిమ్మట మా వైపు చూచి, "చెప్పితివి గనుక సరిపోయినది, బాబూ. చెప్పకున్నచో ఈ ముడుత అవ్వగారి మిషనులో హెడ్డును కూడ పాడుచేసి యుండును. వీధిలో తిరుగు వస్తువు ఒకరి యింట చెడినచో అందరి యిండ్లకు పోవును" అనెను. ఆనాటినుండి ఆ సినిమాలో ఒకచోట నాయకుడు గుమ్మమునొద్ద నుండి ఒక్కసారిగా వీధిలోనికి దూకుచుండెను. వీధిలోని వారందరును ఆ దూకును చూచిరి. కారణము మేమెరుగుదుము.

మామయ్యగారి ఖాతా పుస్తకమును గూర్చి మరియొక మాట. ఎవరింట ఏ సినిమా చూచుచున్నదియు దానిలో నుండెను. అట్టి జాబితా ఎంతటి విషయమో అమెరికాలో ఒక సంగతి తెలిపెను. 1987లో అధ్యక్షుడు రీగన్ సుప్రీము కోర్టు న్యాయమూర్తి పదవికి రాబర్ట్ బోర్క్ అను నాతని ప్రతిపాదింపగా, వాషింగ్టను నగరపు వారపత్రిక యొకటి ఆయన అద్దెకు తెచ్చుకొనిన క్యాసెట్ల జాబితాను సంపాదించి ప్రకటించెను. అందు తప్పుపట్టదగిన దేమియు లేదు. అయినను, ఈనాడు ఆయనకు జరిగినది రేపు తమకు జరుగునని అందరును ఉలికిపడిరి. 1988లో, ఇట్టి జాబితాలను ఇతరులకు ఇయ్యరాదని అచ్చట చట్టము చేయబడెను. మన మామయ్యగారి పుస్తకమునకు చట్టపు కాపుదల లేదు. ఆయన నోరే కాపుదల. ఒకరి సంగతి ఇంకొకరికి ఆయన చెప్పగా మేము వినలేదు.

ఈ లైబ్రరీలలో దోషములు లేకపోలేదు. అరలలోని క్యాసెట్లలో అనేకములు అనుమతి లేని నకళ్లు. సినిమా తీసినవారికి వానివలన కాసు రాలేదు. సినిమా హాళ్లకును నష్టమే. అందుచేతనే 1984లో మన కాపీరైటు చట్టమును సవరించి, క్యాసెట్లపై అనుమతి వివరములు ముద్రింపవలెనని నియమించి, శిక్షలను హెచ్చించిరి. మాకా దినములలో ఈ సంగతి తెలియదు. తెలిసిన పిమ్మట, మా బాల్యపు సంతోషమునకు ఎవరో మూల్యము చెల్లించిరని గ్రహించితిమి. ప్రియమైన జ్ఞాపకమైనను అందలి తప్పును దాచరాదు గదా.

పిదప కాలము మారెను. ఇండ్లలోనికి కేబులు టెలివిజను వచ్చెను. క్యాసెట్టు స్థానమున పళ్లెమువంటి సి.డి.లును, డి.వి.డి.లును వచ్చెను. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుండి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చూడగా, మా లైబ్రరీలో అరలు సగము ఖాళీగ నుండెను. మరుసటి సెలవులకు ఆ స్థలమున జెరాక్సు దుకాణము వెలసెను. అమెరికాలోను ఇదే గతి. 1998లో నెట్‌ఫ్లిక్స్ కంపెనీ డి.వి.డి.లను టపాలో అద్దెకు పంపుట ప్రారంభించి, 2007లో ఇంటర్నెట్టు ద్వారా సినిమాలను చూపనారంభించెను. బ్లాక్‌బస్టర్ కంపెనీ 2010లో దివాలా తీసెను. 2019లో ఆస్ట్రేలియాలోని శాఖ మూతపడిన పిమ్మట, ఆ పేరుతో ఓరెగన్ రాష్ట్రమందలి బెండ్ పట్టణపు దుకాణ మొక్కటియే మిగిలెను. వీడియో యంత్రములను కడపటివరకు తయారుచేసిన జపాను దేశపు ఫునాయి కంపెనీ సహితము 2016లో ఆ పని మానివేసెను.

ఇప్పుడు మీ చేతిలోని ఫోనులో వేల సినిమాలు కలవు. దూరము పోనక్కరలేదు, వెనుకకు త్రిప్పనక్కరలేదు, గడువులోగా తిరిగి యియ్యనక్కరలేదు. ఇది గొప్ప సౌకర్యమే. దీనిని నిందించుట మా యుద్దేశము కాదు. అయితే ఎరువు తెచ్చిన వస్తువును తనదానికంటె జాగ్రత్తగా వాడుట, చెడినచో ఒప్పుకొనుట, తరువాతివాని కొరకు సిద్ధపరచి యిచ్చుట, ఈ మూడును ఆ దుకాణము మాకు వారమువారము అభ్యాసము చేయించెను. ఇప్పుడు ఆ యభ్యాసము వేరొకచోట దొరకవలెను. మన పాఠశాల గ్రంథాలయమును, ప్రయోగశాలయును, ఆటవస్తువుల గదియు అందుకే కలవు.

ఆ బాలుని క్యాసెట్టు సంగతి చెప్పి ముగింతుము. అది వాని తాత అద్దెకు తెచ్చి తిరిగి యియ్యక మరచినది. టేపు నడుమన నిలిచిపోయి, అంచున బూజు పట్టియుండెను. సంగతి వినిన వాని నాయనమ్మ, "పరాయి సొమ్ము ఇంట నుండరాదు, ఇచ్చిరండి" యని పట్టుపట్టెను. శనివారము సాయంకాలము మేమును ఆ బాలుడును వృద్ధులైన మామయ్యగారి యింటికి పోతిమి. పోవుటకు ముందు ఆ బాలుడు చక్రములోనికి వ్రేలు దూర్చి, ఒక గంటసేపు కూర్చుండి, టేపునంతను మొదటికి చుట్టెను. మామయ్యగారు పెట్టెను కన్నులకు దగ్గరగా పెట్టుకొని చూచి, టేపు మొదటనున్నదని గమనించి నవ్విరి. "ఎంత బాకీయండీ?" అని బాలుడు అడిగెను. "తెచ్చి యిచ్చితిరి, చాలును" అని, ఆ క్యాసెట్టును తన మంచము ప్రక్కనున్న గూటిలో నిలువుగా, పేరు బయటికి కనబడునట్లు పెట్టుకొనిరి.