బిడ్డకు మెడ నిలిచిందా?



బిడ్డకు ఆరు నెలలు నిండినా మెడ నిలవలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారు? "వాళ్ళ నాయన గూడ ఆలస్యంగనే నడిచిండు, ఏం గాదు తియ్యి" అంటారు. ఆ మాట నిజం కావచ్చు. కాని అది మస్తిష్క పక్షవాతం కూడా కావచ్చు. డాక్టర్లు దీన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు. ఏదన్నది డాక్టరు చూసి తేల్చాలి. ఎదురుచూస్తూ కూర్చుంటే విలువైన నెలలు పోతాయి.

ఎందుకు వస్తుంది?

కడుపులో ఉన్నప్పుడు గాని, కాన్పులో గాని, పుట్టిన తర్వాత గాని ఎదిగే మెదడు దెబ్బతింటే ఈ జబ్బు వస్తుంది. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, పచ్చకామెర్లు ముదరడం, మెదడువాపు జ్వరం కొన్ని కారణాలు. తల్లి గ్రహణంలో తిరిగినందువల్ల రాదు. ఒకరి నుండి ఒకరికి అంటదు. ఇది పోలియో కాదు; మన దేశంలో పోలియో పోయిందని 2014లోనే ప్రకటించారు.

ఈ గుర్తులు చూడండి

1. 3 నెలలు దాటినా పిడికిలి విప్పకపోవడం.
2. 4 నెలలు నిండినా మెడ నిలవకపోవడం.
3. 9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోవడం.
4. ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒకే చేయి వాడటం.
5. 18 నెలలకు నడవకపోవడం.
6. ఒళ్ళు కట్టెలా బిగుసుకోవడం, లేదా మెత్తగా వేలాడిపోవడం.
7. ఎత్తుకుంటే కాళ్ళు కత్తెరలా పెనవేసుకోవడం.
8. పాలు సరిగా చీకలేకపోవడం, మాటిమాటికీ పొలమారడం.

నెలలు తక్కువగా పుట్టిన బిడ్డకు ఆ తక్కువైన నెలలు తీసేసి లెక్క చూడండి.

ఏం చేయాలి?

ఒక్క గుర్తు కనిపించినా ఆశా కార్యకర్తకో, ఏ.ఎన్.ఎం.కో చెప్పండి. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను ఉచితంగా చూస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సర్కారు దవాఖానాలలో చూపించండి. వరంగల్ ఎం.జి.ఎం.కు పొమ్మంటే వెనుకాడవద్దు.

మెదడుకు తగిలిన దెబ్బను ఏ మందూ మాన్పలేదు. కాని పసి మెదడు త్వరగా నేర్చుకుంటుంది. అందుకే ఎంత తొందరగా వ్యాయామం మొదలుపెడితే అంత మేలు. వాతలు పెట్టించకండి. దవాఖానాలో నేర్పిన వ్యాయామం ఇంట్లో రోజూ చేయించండి. ఇది తల్లి ఒక్కదాని పని కాదు, తండ్రి కూడా చేయించాలి. కాళ్ళు చేతులు వంగనంత మాత్రాన బిడ్డకు తెలివి లేదనుకోకండి. బడికి పంపండి.

మళ్ళీ కాన్పు ఎప్పుడు?

ఈ బిడ్డకు మీ ఒడి, మీ ఓపిక ఎక్కువ కావాలి. కాన్పుకూ కాన్పుకూ మూడేళ్ళ ఎడం ఉంచండి. వెంటవెంటనే వచ్చే కాన్పుల్లో నెలలు నిండకుండా పుట్టే భయం ఎక్కువ. నిరోధ్, మాత్రలు, కాపర్-టి ఆరోగ్య కేంద్రంలో ఉచితం. కాన్పు దవాఖానాలోనే చేయించుకోండి.

ఈ రోజే మీ బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని పై గుర్తులు ఒక్కొక్కటిగా చూడండి. అనుమానం ఉంటే రేపే బయలుదేరండి.