చిన్న వాల్వు గిటారు ఆంప్లిఫయరు

చిన్న వాల్వు గిటారు ఆంప్లిఫయరు అనగా శూన్యనాళికల సహాయంతో ఎలక్ట్రిక్ గిటారు నాదాన్ని పెద్దది చేసే, సుమారు 5 నుండి 22 వాట్ల సామర్థ్యం గల పరికరం. శూన్యనాళికను బ్రిటన్‌లో వాల్వు అనీ, అమెరికాలో ట్యూబు అనీ అంటారు. బ్రిటన్‌లోని పబ్బులలో, అనగా స్థానిక మద్యశాలలలో, సాయంకాలం వాయించే చిన్న సంగీత బృందాలకు ఇటువంటి ఆంప్లిఫయరు అనుకూలమైనది. పబ్బు గది చిన్నది. శ్రోతలు వాద్యకారులకు అతి సమీపంలో ఉంటారు. కనుక ఆంప్లిఫయరు, స్పీకరు ఎంపికలో పొరపాటు జరిగితే గిటారు డ్రమ్ముల మోతలో కలిసిపోతుంది, లేదా గాయకుని గొంతును మింగివేస్తుంది.

చరిత్ర

1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడుల వాల్వును, 1906లో లీ డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడుల వాల్వును రూపొందించారు. రెండవదానితో బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెద్దది చేయడం సాధ్యమైంది. 1958లో ఇంగ్లండులో వాక్స్ ఏసీ15 ఆంప్లిఫయరు వెలువడింది. దీనిని డిక్ డెన్నీ రూపొందించారు. ఇందులో రెండు ఈఎల్84 వాల్వులు 15 వాట్ల శక్తిని ఇస్తాయి. పెద్ద సభామందిరాలకు ఈ శక్తి చాలకపోవడంతో నాలుగు ఈఎల్84 వాల్వులతో 30 వాట్ల ఏసీ30 తయారైంది. బీటిల్స్ బృందం వాడకంతో అది ప్రసిద్ధి చెందింది. అమెరికాలో ఫెండర్ సంస్థ 1963లో డీలక్స్ రివర్బ్‌ను ప్రవేశపెట్టింది. ఇందులో రెండు 6వి6 వాల్వులు, ఒక 12 అంగుళాల స్పీకరు ఉంటాయి. సామర్థ్యం సుమారు 22 వాట్లు.

వాల్వు నాదం ప్రత్యేకత

ట్రాన్సిస్టరు రాకతో రేడియోల నుండి వాల్వులు తొలగిపోయినా గిటారు వాద్యకారులు వాటిని విడువలేదు. పూర్తి సామర్థ్యానికి చేరువైనప్పుడు వాల్వు సంకేతపు కొసలను ఒక్కసారిగా తెంపక, క్రమంగా అణచివేస్తుంది. దీనివలన మూలస్వరానికి అనుస్వరాలు తోడై నాదం చిక్కబడుతుంది. అయితే శక్తినిచ్చే వాల్వులలో ఈ గుణం కనబడాలంటే శబ్దాన్ని బాగా పెంచాలి. 50 లేదా 100 వాట్ల ఆంప్లిఫయరును ఆ స్థాయికి తెస్తే పబ్బులో కూర్చోవడం కష్టం. చిన్న ఆంప్లిఫయరును ఎంచుకోవడానికి ప్రధాన కారణం ఇదే.

వాట్లు, డెసిబెల్లులు

వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు. 3 డెసిబెల్లులు మాత్రమే పెరుగుతుంది. శబ్దం రెట్టింపైనట్లు చెవికి తోచాలంటే సుమారు 10 డెసిబెల్లులు, అనగా పది రెట్ల శక్తి, కావాలి. కనుక 15, 30 వాట్ల ఆంప్లిఫయర్ల మధ్య తేడా సంఖ్యలలో కనిపించినంత పెద్దది కాదు. 5 వాట్ల ఆంప్లిఫయరు 15 వాట్లదానికంటే దాదాపు 5 డెసిబెల్లులు తక్కువ. డ్రమ్ములు గట్టిగా వాయించే బృందంలో గిటారు వక్రీకరణ లేకుండా స్పష్టంగా వినబడాలంటే 5 వాట్లు సాధారణంగా చాలవు. 15 నుండి 22 వాట్లు అనువైనవి.

స్పీకరు ఎంపిక

స్పీకరుకు 1 వాటు శక్తినిచ్చి, 1 మీటరు దూరంలో కొలిచిన శబ్దస్థాయిని దాని సున్నితత్వం అంటారు. 97 డెసిబెల్లుల స్పీకరును తీసి 100 డెసిబెల్లుల స్పీకరును అమర్చితే, 15 వాట్ల ఆంప్లిఫయరు 30 వాట్లదానితో సమానంగా వినబడుతుంది. అందుచేత శబ్దం చాలనప్పుడు కొత్త ఆంప్లిఫయరు కొనేముందు స్పీకరును పరిశీలించడం మేలు.

వాల్వు ఆంప్లిఫయరును పూర్తిగా పెంచినప్పుడు అది చెప్పిన వాట్లకంటే ఎక్కువ శక్తిని ఇవ్వగలదు. కనుక 15 వాట్ల ఆంప్లిఫయరుకు 25 నుండి 30 వాట్లు తట్టుకొనే స్పీకరు క్షేమకరం. 8 అంగుళాల స్పీకరుకంటే 12 అంగుళాలదానిలో మంద్రస్వరాలు నిండుగా పలుకుతాయి. వెనుకవైపు తెరిచి ఉన్న పెట్టెలో నాదం గది అంతటా పరచుకొంటుంది. మూసిన పెట్టెలో ముందుకు, బిగువుగా వస్తుంది.

ఇంపీడెన్సు

ఆంప్లిఫయరు వెనుక 4, 8, 16 ఓములని గుర్తులుంటాయి. స్పీకరు ఇంపీడెన్సు దానితో సరిపోవాలి. రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4 ఓములు, శ్రేణిలో కలిపితే 16 ఓములు అవుతాయి. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయరును వాయించరాదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ప్రమాదం కలదు.

పబ్బులో అమరిక

హెచ్చు స్థాయి స్వరాలు స్పీకరు ఎదుట సూటిగా ప్రసరిస్తాయి. ఆంప్లిఫయరును నేలపై ఉంచితే వాద్యకారుని చెవికి అవి అందవు. అతడు శబ్దం పెంచుతాడు, ఆ బాధ ముందువరుసలోని వారికి. పెట్టెను కుర్చీపై ఉంచడం లేదా వెనుకకు వాల్చడం దీనికి సులభమైన పరిష్కారం. గది పెద్దదైతే ఆంప్లిఫయరును పెంచడానికి బదులు దాని ముందు మైకు ఉంచి సభాస్పీకర్లకు కలపవచ్చు.

బ్రిటన్‌లో 2005 నాటి పనిస్థలాల శబ్ద నియంత్రణ నిబంధనలు 2008 ఏప్రిల్ నుండి సంగీత, వినోద రంగాలకూ వర్తించాయి. వీటి ప్రకారం రోజు సగటు శబ్దం 85 డెసిబెల్లులకు చేరితే యజమాని ఉద్యోగులకు చెవి రక్షణ కల్పించాలి. అధిక శబ్దం వలన పోయిన వినికిడి తిరిగి రాదు. కనుక వాద్యకారులు కూడా చెవి బిరడాలు వాడడం మంచిది.

జాగ్రత్తలు

వాల్వు ఆంప్లిఫయరు లోపల 300 వోల్టులకు మించిన విద్యుత్తు ఉండవచ్చు. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉంటుంది. కనుక శిక్షణ లేనివారు పెట్టెను విప్పరాదు. అమెరికాలో 120 వోల్టులకు తయారైన ఆంప్లిఫయరును భారతదేశానికి తెచ్చుకొన్నవారు దానిని 230 వోల్టుల సరఫరాకు నేరుగా కలపరాదు. తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వాడాలి. కచేరీకి వెళ్ళేటప్పుడు సరైన విలువ గల ఫ్యూజును, ఒక జత అదనపు వాల్వులను వెంట ఉంచుకోవడం వాద్యకారుల అలవాటు.