వాము ఘాటు, తేనెటీగ ఒంటి మీది నల్లి

నాలుగు వాము గింజలు అరచేతిలో నలిపి వాసన చూడండి. ముక్కుకు ఘాటుగా తగిలేది థైమాల్. కర్నూలు మార్కెట్‌కు బస్తాల్లో వచ్చే వాములోనూ, ఐరోపా కొండల్లో పెరిగే థైమ్ మొక్కలోనూ ఉన్నది ఈ పదార్థమే. తేనెటీగల పెంపకందారులు దీన్ని వర్రోవా అనే నల్లి మీద ప్రయోగిస్తున్నారు.

వర్రోవా వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఎర్ర గోధుమరంగులో, చిన్న పీత చిప్పలా ఉంటుంది. ఇది ఈగ రక్తం తాగుతుందని చాలాకాలం అనుకున్నారు. పెద్ద ఈగల మీద అది ప్రధానంగా తినేది ఒంట్లోని కొవ్వునని 2019లో తేలింది. పైగా వైరస్‌లను అంటిస్తుంది. ఆసియాలోని మన పుట్టతేనె ఈగకు ఇది పాత చుట్టమే. ఆ ఈగలు నల్లిని దులిపి పారేస్తాయి, నల్లి కూడా ఎక్కువగా పోతుటీగల గదుల్లోనే పిల్లల్ని పెడుతుంది కాబట్టి పట్టు నిలబడుతుంది. ఐరోపా జాతి ఈగలను ఆసియాకు తెచ్చాక నల్లి వాటికీ పాకింది. ఆ ఈగకు అంత రక్షణ లేదు. పొద్దుతిరుగుడు చేల పక్కన పెట్టే పెట్టెల్లో మనం పెంచే ఇటాలియన్ ఈగ ఆ జాతిదే.

మొదట్లో ఫ్లూవాలినేట్ అనే రసాయన మందు పట్టీలు నల్లి మీద బాగా పనిచేశాయి. 1990ల నాటికి చాలాచోట్ల నల్లి దానికి అలవాటు పడిపోయింది. అప్పుడే అందరి చూపూ మొక్కల నూనెల వైపు మళ్లింది. 1999లో స్విట్జర్లాండ్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ తిరగేశారు. 150కి పైగా నూనెలు, వాటి పదార్థాలు ప్రయోగశాలలో పరీక్షకు వచ్చాయి. ఈగల పెట్టెలో గట్టిగా నిలిచింది థైమాల్ ఒక్కటేనని చెప్పాలి.

ఇందులో చిక్కు ఉంది. నల్లి, ఈగ రెండూ కీళ్ల కాళ్ల జీవులే. నల్లిని చంపే ఆవిరికీ ఈగను బెదరగొట్టే ఆవిరికీ మధ్య దూరం తక్కువ. మోతాదు మించితే ఈగలు పెట్టె వదిలి బయట గుంపు కడతాయి, రాణి గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. ఇంకో సంగతి, మైనం మూత వేసిన గదిలోకి ఈ ఆవిరి చొరబడదు. కూలి ఈగ పిల్ల ఆ మూత కింద సుమారు 12 రోజులు ఉంటుంది, తల్లి నల్లి అక్కడే పిల్లల్ని పెడుతుంది. అందుకే మందు ఒక్కరోజులో ఆరిపోకుండా, వారాల తరబడి కొద్దికొద్దిగా ఆవిరయ్యేలా జెల్‌లోనో పలకలోనో కలిపి అమ్ముతారు. చలి ఎక్కువైతే ఆవిరి లేవదు. మన వేసవిలో ఒక్కసారిగా లేచి ఈగలకే ముప్పు తెస్తుంది. నా దృష్టిలో తెలుగు నేల మీద దీనికి అసలు పరీక్ష ఈ ఎండే. థైమాల్ మైనంలో, తేనెలో కలుస్తుంది కూడా, రుచి మారుతుంది. కాబట్టి తేనె తీసేశాకే వాడాలి.

సహజమైనదే కదా అని వంటింటి వాము నూనెను అంచనా మీద పెట్టెలో పోయకండి. ముందు నల్లులను లెక్కపెట్టండి. 300 ఈగలను జల్లెడ మూత ఉన్న సీసాలోకి తీసుకుని, చెంచాడు పంచదార పొడి చల్లి దొర్లించండి. కాసేపాగి తెల్ల పళ్లెంలోకి కుదిపితే నల్లులు రాలతాయి, ఈగలు బతికే ఉంటాయి. వంద ఈగలకు మూడు నల్లులు దాటితే మందు వేయాల్సిందే. వేశాక మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి.